లైనక్స్‌లో సౌండ్: ఏ డ్రైవర్, ఏ సర్వర్, మిక్సర్‌లో ఏది ఎంత?

మూడేళ్ల కిందట సంక్రాంతి సెలవులకు ఊరెళ్లినప్పుడు, మా అమ్మ పాడే మంగళహారతులు, పెళ్లి పాటలు రికార్డు చేసి దాచుకుందామని ఆమెను ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాను. రెండు రోజుల పాటు ఓపిగ్గా 17 పాటలు పాడింది. హైదరాబాద్ తిరిగొచ్చాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ప్రతి పాట వెనకా రేకుల కప్పు మీద వాన పడుతున్నట్టు ఒకటే హోరు. అమ్మ గొంతెత్తిన చోటల్లా మాట పగిలిపోయింది. ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ అది బాగుపడలేదు. వేసవిలో మళ్లీ పాడించాను గానీ, ఆ 17లో నాలుగు పాటలు అమ్మకు పూర్తిగా గుర్తు రాలేదు.

మిక్సర్‌లో, అంటే శబ్దం స్థాయిలను పెంచే తగ్గించే ప్రోగ్రామ్‌లో, రెండు బార్లు నిండుగా పైకి ఉండటమే దానికి కారణం. నేను అప్పటిదాకా ప్రోగ్రాముల శబ్దాన్ని కార్డుకు చేర్చే సౌండ్ సర్వర్లలో పల్స్‌ఆడియో మంచిదా, పైప్‌వైర్ మంచిదా అని వారాల తరబడి చదివాను గానీ, మిక్సర్‌ను ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో డ్రైవర్ల పోలిక ఉంది, సౌండ్ సర్వర్ల పోలిక ఉంది. కానీ ఎక్కువ చోటు మిక్సర్‌కే ఇస్తున్నాను. మీ గొంతు, మీ పిల్లల గొంతు, మీ పెద్దవాళ్ల గొంతు పాడయ్యేది ఎక్కువగా అక్కడే.

ముందు కింద నుంచి పైకి చూద్దాం

సౌండ్ కార్డును నేరుగా నడిపించేది లైనక్స్ కెర్నెల్‌లోని, అంటే సిస్టమ్ మూలభాగంలోని, ఆల్సా అనే డ్రైవర్ల వ్యవస్థ. అంతకు ముందు, 1992లో హన్ను సావొలైనెన్ మొదలుపెట్టిన ఓఎస్ఎస్ అనే పాత సౌండ్ వ్యవస్థ ఉండేది. 1998లో యారొస్లావ్ కిసెలా ఆల్సా పని మొదలుపెట్టారు. 2003 చివర్లో వచ్చిన 2.6 కెర్నెల్ నుంచి ఓఎస్ఎస్ స్థానంలో ఆల్సా నిలబడింది. ఈరోజు మీ మెషీన్‌లో పల్స్‌ఆడియో ఉన్నా, పైప్‌వైర్ ఉన్నా, జాక్ అనే ఇంకో సర్వర్ ఉన్నా వాటి కింద పనిచేసేది ఆల్సానే.

మరి పైన ఇంకో సర్వర్ ఎందుకు? మదర్‌బోర్డు మీద వచ్చే చిప్‌లు మామూలుగా ఒక్క దారి నుంచే శబ్దం తీసుకుంటాయి. బ్రౌజర్‌లో పాట నడుస్తుండగా మెసేజ్ వచ్చిన చప్పుడు కూడా వినపడాలంటే, ఆ రెండింటినీ కలిపి ఒకే ధారగా కార్డుకు పంపేవాళ్లు ఒకరు ఉండాలి. పాతకాలం సౌండ్ బ్లాస్టర్ లైవ్ లాంటి కార్డులు ఈ కలిపే పనిని తామే చేసుకునేవి. ఇప్పటి చిప్‌లకు ఆ పని సాఫ్ట్‌వేర్ చేసి పెట్టాలి.

కాబట్టి ఏది ఎంచుకోవాలో తేల్చే ప్రశ్నలు రెండే. మీ కార్డును ఒకేసారి ఎంతమంది వాడుకోవాలి? శబ్దం లోపలికి వెళ్లి బయటికి రావడంలో ఎంత ఆలస్యం మీరు ఓర్చుకోగలరు? ఈ రెండింటికీ జవాబు తెలిస్తే సర్వర్ ఎంపిక పది నిమిషాల పని.

డ్రైవర్: పాత హెచ్‌డీఏ, కొత్త ఎస్‌ఓఎఫ్

డెస్క్‌టాప్ అయితే ఇక్కడ ఎంచుకోవడానికి దాదాపు ఏమీ ఉండదు. ఇంటెల్ 2004లో తెచ్చిన హెచ్‌డీ ఆడియో (హెచ్‌డీఏ) పద్ధతినే ఎక్కువ బోర్డులు పాటిస్తాయి, కెర్నెల్ దానికి తగిన డ్రైవర్‌ను తనే ఎక్కించుకుంటుంది. పేరులో ఇంటెల్ అని ఉన్నా ఏఎండీ బోర్డులకూ అదే డ్రైవర్.

చిక్కంతా కొత్త ఇంటెల్ ల్యాప్‌టాప్‌లతో. వాటిలో స్క్రీన్ పైన ఉండే చిన్న మైకులు డిజిటల్ మైకులు. అవి పాత పద్ధతిలో, శబ్దాన్ని అంకెలుగా మార్చే కోడెక్ చిప్‌కు కాకుండా, ప్రాసెసర్‌లో శబ్దం పని చూసే డీఎస్‌పీ అనే భాగానికి కలిపి ఉంటాయి. దాన్ని నడపడానికి సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్, అంటే ఎస్‌ఓఎఫ్ కావాలి. కెర్నెల్ ఒక్కటే సరిపోదు, ఫర్మ్‌వేర్ (ఆ భాగం లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ప్యాకేజీ కూడా విడిగా ఉండాలి. ఇది ఒక్కో డిస్ట్రోలో, అంటే ఒక్కో లైనక్స్ రకంలో, ఒక్కోలా ఉంటుంది. ఉబుంటులో మామూలుగా ముందే ఉంటుంది. ఆర్చ్‌లో మీరే వేసుకోవాలి. డెబియన్‌లో నాన్ ఫ్రీ ఫర్మ్‌వేర్ విభాగంలో దొరుకుతుంది.

ఆ ప్యాకేజీ లేకపోతే ఏమవుతుంది? సెట్టింగ్స్‌లో స్పీకర్ పేరు ఉండాల్సిన చోట డమ్మీ అవుట్‌పుట్ అని కనపడుతుంది. ఈ మాట చూడగానే చాలామంది టెన్షన్ పడి మొత్తం సిస్టమ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసేస్తారు. అక్కర్లేదు. టెర్మినల్‌లో ఏప్లే అనే కమాండ్‌ను హైఫన్, చిన్న ఎల్ ఆప్షన్‌తో నడపండి. కార్డుల జాబితా ఖాళీగా వస్తే డ్రైవర్ లేదా ఫర్మ్‌వేర్ సమస్య. జాబితాలో కార్డు కనపడుతూ పైన మాత్రం డమ్మీ అని ఉంటే డ్రైవర్ బాగానే ఉంది, సమస్య సౌండ్ సర్వర్‌లో ఉంది. ఈ ఒక్క తేడా తెలుసుకుంటే సగం రోజు మిగులుతుంది.

నెట్‌లో ఒక చిట్కా బాగా తిరుగుతుంటుంది. ఇంటెల్ డీఎస్‌పీ కాన్ఫిగ్ మాడ్యూల్‌కు డీఎస్‌పీ డ్రైవర్ విలువ 1 ఇస్తే పాత హెచ్‌డీఏ డ్రైవర్ ఎక్కుతుంది, సౌండ్ వస్తుంది అని. నిజమే, చాలా మెషీన్లలో స్పీకర్లు పలుకుతాయి. కానీ లోపలి మైకు మాయమవుతుంది. పాటలు, సినిమాలు చూడటానికి మాత్రమే వాడే ల్యాప్‌టాప్ అయితే పరవాలేదు. ఆన్‌లైన్ క్లాసులు, మీటింగ్‌లు ఉన్నవాళ్లు ఆ దారిలో వెళ్లొద్దు. ఫర్మ్‌వేర్ వేసుకుని, ఆ విలువను 0 దగ్గరే వదిలి, కెర్నెల్‌ను తనే ఎంచుకోనివ్వండి. సౌండ్‌వైర్ పద్ధతిలో కోడెక్ ఉన్న ఇంకా కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ చిట్కాతో స్పీకర్లు కూడా రావు.

ఏఎండీ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు ఒక మాట. మీ డిజిటల్ మైకు చాలాసార్లు వేరే కార్డుగా కనపడుతుంది. మిక్సర్‌లో ఒక కార్డు చూసి మైకు లేదని అనుకోకండి, రెండోది కూడా చూడండి. హెచ్‌డీఎంఐ కూడా ఇలాగే విడి కార్డుగా వస్తుంది. మానిటర్ తగిలించిన రోజు నుంచి సౌండ్ పోయిందంటే, శబ్దం స్పీకర్లు లేని ఆ మానిటర్‌కు వెళ్తోందని అర్థం.

డ్రైవర్ దగ్గర ఇంకొక్క సెట్టింగ్ గురించి చెప్పి వదిలేస్తాను. పాట మొదలైనప్పుడు, ఆగినప్పుడు స్పీకర్‌లో టక్ మని చప్పుడు వస్తుంటే అది పవర్ సేవింగ్. హెచ్‌డీఏ డ్రైవర్‌కు పవర్ సేవ్ విలువ 0 ఇస్తే పోతుంది. బ్యాటరీ కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది కాబట్టి డెస్క్‌టాప్‌లో ధైర్యంగా పెట్టుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో ఆ టక్ మీకు నిజంగా చికాకు కలిగిస్తేనే పెట్టండి.

సర్వర్: నాలుగు దారులు

ముందుగా ఒట్టి ఆల్సా. పైన ఏ సర్వరూ లేకుండా నడపడం. డీమిక్స్ అనే భాగం వల్ల రెండు మూడు ప్రోగ్రాములు కలిసి పలకగలవు, కాబట్టి పూర్తిగా ఒంటరి దారి కాదు. కానీ ఒక్కో ప్రోగ్రామ్‌కు విడి వాల్యూమ్ ఉండదు, బ్లూటూత్‌కు అదనపు పని పడుతుంది, నడుస్తున్న పాటను స్పీకర్ నుంచి హెడ్‌ఫోన్స్‌కు మార్చడం కష్టం. పైగా 2017లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 52 నుంచి దాని అధికారిక బిల్డ్‌లు ఆల్సాతో నేరుగా మాట్లాడవు. ఈ దారి ఎవరికి నప్పుతుందంటే, ఒక చిన్న కంప్యూటర్‌ను కేవలం మ్యూజిక్ ప్లేయర్‌గా హాల్లో పెట్టుకుని, ఫైల్‌లో ఉన్న ధ్వని మార్పు లేకుండా డీఏసీకి (అంకెలను శబ్దంగా మార్చే పరికరానికి) చేరాలి అనుకునేవాళ్లకు. వాళ్లకు ఇంతకన్నా తిన్ననైన దారి లేదు. మిగతావాళ్లు దీన్ని వదిలేయొచ్చు.

పల్స్‌ఆడియో 2004లో లెన్నార్ట్ పొటెరింగ్ చేతుల్లో వేరే పేరుతో మొదలైంది, 2006లో ఈ పేరు పెట్టుకుంది. 2007లో ఫెడోరా 8 దీన్ని డిఫాల్ట్‌గా పెట్టినప్పుడు జనం బాగా ఇబ్బంది పడ్డారు. ఆ రోజుల చెడ్డపేరు ఇంకా దాన్ని వెంటాడుతోంది. అది న్యాయం కాదనిపిస్తుంది నాకు. తర్వాత పదేళ్లకు పైగా కోట్ల గంటల సినిమాలు, పాటలు, మీటింగ్‌లు దాని మీదే నడిచాయి. మీ మెషీన్‌లో పల్స్‌ఆడియో ఉండి, అంతా సరిగ్గా పనిచేస్తుంటే, పైప్‌వైర్ కొత్తది కదా అని మార్చాల్సిన అవసరం లేదు. ముఖ్యంగా పరీక్షల ముందు, ఇంటర్వ్యూ ముందు అస్సలు మార్చకండి.

పల్స్‌ఆడియోలో ఒక సెట్టింగ్ మాత్రం చూసుకోండి. ఫ్లాట్ వాల్యూమ్స్ అనేది ఆన్‌లో ఉంటే, ఒక ప్రోగ్రామ్ తన వాల్యూమ్ 100కి పెంచగానే మొత్తం సిస్టమ్ వాల్యూమ్ కూడా 100కి ఎగబాకుతుంది. హెడ్‌ఫోన్స్‌లో ఉన్నవాళ్ల చెవులు అదిరిపోతాయి. ఉబుంటు దీన్ని ఆఫ్ చేసే ఇస్తుంది. మీ డిస్ట్రోలో ఆన్‌లో ఉంటే సెట్టింగ్ ఫైల్‌లో నో అని రాసేయండి.

జాక్ సంగీతం వాళ్లది. ఆర్డర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రాసిన పాల్ డేవిస్ పని నుంచే ఇదీ పుట్టింది. దీని బలం తక్కువ ఆలస్యం, ఏ ప్రోగ్రామ్ నుంచి ఏ ప్రోగ్రామ్‌కైనా తీగలు కలిపినట్టు కలుపుకునే వీలు. దీని బలహీనత, కార్డును పూర్తిగా తన చేతిలో పెట్టుకోవడం. జాక్ నడుస్తుండగా యూట్యూబ్ వినాలంటే మధ్యలో ఇంకో వంతెన కట్టాలి. రికార్డింగ్ కోసమే పక్కన పెట్టిన కంప్యూటర్‌లో, ఏళ్ల తరబడి జాక్‌తో సెట్ చేసుకున్న పని బాగా నడుస్తుంటే అలాగే ఉంచండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దీనితో మొదలుపెట్టొద్దని నా సలహా.

ఎందుకంటే పైప్‌వైర్ ఉంది. రెడ్ హ్యాట్‌లో పనిచేసే విమ్ టైమన్స్ దీన్ని మొదట వీడియో కోసం మొదలుపెట్టారు, తర్వాత సౌండ్ కూడా చేర్చారు. 2021లో ఫెడోరా 34, 2022లో ఉబుంటు 22.10 సౌండ్‌ను దీనికి అప్పగించాయి. 2023 నవంబర్‌లో 1.0 వెర్షన్ వచ్చింది. నాకు దీనిలో బాగా నచ్చిన విషయం, పాతవాటిని తోసేయకుండా వాటి భాషలోనే మాట్లాడటం. పల్స్‌ఆడియో కోసం రాసిన బ్రౌజర్, జాక్ కోసం రాసిన ఆర్డర్, ఆల్సా కోసం రాసిన పాత ప్లేయర్, మూడూ ఒకేసారి దీని మీద నడుస్తాయి. మొదటి ప్రశ్నకు, అంటే ఎంతమంది వాడుకోవాలి అన్నదానికి, దీనంత మంచి జవాబు మిగతా మూడింటిలో లేదు.

రెండో ప్రశ్న ఆలస్యం. పైప్‌వైర్ మామూలుగా 48,000 శాంపిల్ రేటు దగ్గర, అంటే సెకను శబ్దాన్ని 48,000 ముక్కలుగా (శాంపిళ్లుగా) తీసుకుంటూ, 1024 శాంపిళ్ల మూటలుగా పనిచేస్తుంది. లెక్క వేస్తే 1024ను 48,000తో భాగించాలి, 21.3 మిల్లీసెకన్లు. సినిమాకు, మీటింగ్‌కు ఇది లెక్కలోకే రాదు. కానీ కీబోర్డు వాయిస్తూ ఆ శబ్దం కంప్యూటర్ నుంచి వింటున్నవాళ్లకు వేలు, స్వరం కలవనట్టు అనిపిస్తుంది. మూటను 256కు తగ్గిస్తే 5.3, 128కి తగ్గిస్తే 2.7 మిల్లీసెకన్లు. వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి, పైన యూఎస్‌బీ ఆలస్యం కూడా కలుపుకోవాలి. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనుకు దాదాపు 34 సెంటీమీటర్లు పోతుంది. అంటే 10 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే మీ స్పీకర్ మూడున్నర మీటర్ల దూరంలో ఉన్నట్టు. కచేరీలో పక్కవాద్యం అంత దూరంలో ఉన్నా ఇబ్బంది పడరు కదా. అందుకని 256 చాలామందికి సరిపోతుంది. 64, 32 అంటూ కిందికి పోయి, శబ్దం చిటపటమని తెగిపోతుంటే బాధపడటం అనవసరం.

మార్చడం కూడా తేలికే. పైప్‌వైర్ మెటాడేటా కమాండ్‌తో ఫోర్స్ క్వాంటం అనే విలువను (మూట పరిమాణాన్ని) 256గా పెడితే వెంటనే అమలవుతుంది, సాధన అయ్యాక 0 పెడితే మామూలు స్థితికి వస్తుంది. రీస్టార్ట్ అక్కర్లేదు.

ఉబుంటు 22.04 వాళ్లకు ఒక హెచ్చరిక. అందులో పైప్‌వైర్ ఉంటుంది, కానీ స్క్రీన్ షేరింగ్ కోసం మాత్రమే. సౌండ్ పల్స్‌ఆడియో చేతిలోనే ఉంటుంది. ప్రాసెస్‌ల జాబితాలో పైప్‌వైర్ పేరు చూసి దాని సెట్టింగ్స్ మార్చుకుంటూ కూర్చుంటే ఏమీ మారదు. ఏది నడుస్తోందో తెలియాలంటే పీఏసీటీఎల్ కమాండ్‌కు ఇన్‌ఫో అని చేర్చి నడపండి. సర్వర్ పేరు వరసలో పల్స్‌ఆడియో పక్కన ఆన్ పైప్‌వైర్ అని ఉంటే పైప్‌వైర్. లేకపోతే పల్స్‌ఆడియో. రెండూ ఒకే కార్డు కోసం పోట్లాడే పరిస్థితి మాత్రం తెచ్చుకోవద్దు.

పాత ట్యుటోరియల్స్‌లో మిమ్మల్ని మీరు ఆడియో గ్రూపులో చేర్చుకోండి అని రాసి ఉంటుంది. ఇప్పటి డెస్క్‌టాప్ డిస్ట్రోలలో మామూలు వాడకానికి అది అవసరం లేదు. లాగిన్ అయిన మనిషికి కార్డు దానంతట అదే దక్కుతుంది. ఇంట్లో ఇద్దరు ఒకే కంప్యూటర్‌ను వేర్వేరు లాగిన్‌లతో వాడుతుంటే, ఆ గ్రూపు వల్లే ఒకరి లాగిన్ కార్డును పట్టుకుని రెండోవాళ్లకు సౌండ్ రాకుండా పోతుంది.

మిక్సర్: అసలు పని ఇక్కడ

ఇంటికి నీళ్లు వచ్చే దారి ఊహించుకోండి. డాబా మీద ట్యాంకు దగ్గర ఒక వాల్వు, కింద బాత్‌రూంలో కొళాయి. వాల్వు సగం మూసి ఉంటే కొళాయి ఎంత తిప్పినా ధార సన్నగానే వస్తుంది. సౌండ్‌లో కూడా వాల్యూమ్ ఒక్కచోట లేదు. కార్డులో ఒకటి, సర్వర్‌లో ఒకటి, ప్రోగ్రామ్‌లో ఒకటి. మిక్సర్ ప్రోగ్రాములు కూడా అందుకే వేర్వేరుగా ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో మెట్టును చూపిస్తుంది.

డెస్క్‌టాప్ మూలన ఉండే స్లైడర్ రోజువారీ పనికి చాలు. దాన్ని మించి పనిచేసేది పావూకంట్రోల్ అనే మిక్సర్ ప్రోగ్రామ్. పల్స్‌ఆడియో కోసం పుట్టినా పైప్‌వైర్ మీద కూడా అలాగే పనిచేస్తుంది. ఏ ప్రోగ్రామ్ ఏ పరికరానికి పంపుతోందో, ఏ మైకు నుంచి తీసుకుంటోందో మార్చుకోవడానికి దీన్ని మించింది నాకు కనపడలేదు. అందులో స్లైడర్ 100 దాటి 153 దాకా వెళ్తుంది, అంటే 11 డీబీ (డెసిబెల్స్) అదనం. ఆ అదనం సాఫ్ట్‌వేర్ గుణకారమే. పాత సినిమాలో మాటలు మరీ సన్నగా ఉన్నప్పుడు వాడుకోండి, కానీ అక్కడే వదిలేయకండి. గట్టిగా ఉన్న పాట వస్తే పగిలిపోతుంది.

మూడోది ఆల్సామిక్సర్. టెర్మినల్‌లో నల్ల తెర మీద రంగు బార్లతో ఉంటుంది, చూడగానే భయం వేస్తుంది. అమ్మ పాటలు పాడైన తర్వాతే నేను దీన్ని నేర్చుకున్నాను. పది నిమిషాలు పట్టింది.

తెరవగానే చాలాసార్లు ఒకే ఒక్క బార్ కనపడుతుంది. అది సర్వర్‌ది. ఎఫ్ 6 నొక్కి అసలు కార్డు పేరు ఎంచుకోండి. అప్పుడు మాస్టర్, హెడ్‌ఫోన్, స్పీకర్, పీసీఎం అని వరసగా వస్తాయి. బార్ కింద ఎం అక్షరాలు రెండు ఉంటే అది మ్యూట్‌లో ఉన్నట్టు, ఎం నొక్కితే సున్నాలుగా మారి తెరుచుకుంటుంది. పైన ఎడమ వైపు ఆ బార్ విలువ డీబీలో కనపడుతుంది. శాతాన్ని నమ్మకండి, డీబీనే చూడండి.

వినే వైపు నా పద్ధతి ఇది. పీసీఎం (ప్రోగ్రాముల నుంచి కార్డుకు వచ్చే శబ్దం స్థాయి) 0 డీబీ దగ్గర పెట్టి ఇక ముట్టుకోను. హెడ్‌ఫోన్, స్పీకర్ బార్లు మ్యూట్‌లో లేకుండా 0 డీబీ దగ్గర. రోజూ పెంచేది తగ్గించేది డెస్క్‌టాప్ స్లైడర్‌తో మాత్రమే. బీప్ అనే బార్ ఉంటే మ్యూట్ చేస్తాను, కొన్ని ల్యాప్‌టాప్‌లలో సన్నని కూత దాని నుంచే వస్తుంది. హెడ్‌ఫోన్స్ తీసేసినా స్పీకర్ పలకకపోతే ఆటో మ్యూట్ మోడ్ అనే అంశాన్ని చూడండి. హెడ్‌ఫోన్ రంధ్రంలో ఏదో ఉందని కార్డు భ్రమపడుతోందేమో, దాన్ని డిసేబుల్ చేసి చూస్తే తెలిసిపోతుంది.

ఇక రికార్డు చేసే వైపు. ఎఫ్ 4 నొక్కితే ఆ బార్లు వస్తాయి. ముఖ్యమైనవి రెండు, క్యాప్చర్, మైక్ బూస్ట్. బూస్ట్ అంటే శబ్దం అంకెలుగా మారకముందే, మైకు నుంచి వచ్చిన సన్నని విద్యుత్తును పెంచే మెట్టు. చాలా ల్యాప్‌టాప్‌లలో 0, 10, 20, 30 డీబీ అని నాలుగే మెట్లు. క్యాప్చర్ సన్నగా జరుగుతుంది. నా ల్యాప్‌టాప్‌లో అది మైనస్ 17.25 డీబీ నుంచి ప్లస్ 30 డీబీ దాకా పోతుంది.

ఇప్పుడు రెండూ నిండుగా ఉంటే ఏమవుతుందో చూడండి. 30, 30 కలిపి 60 డీబీ. ప్రతి 20 డీబీకి పది రెట్లు. 60 అంటే వెయ్యి రెట్లు. మైకులో ఉండే సహజమైన హోరు కూడా వెయ్యి రెట్లు పెరుగుతుంది, గొంతు ఎత్తగానే హద్దు దాటి పగులుతుంది. బూస్ట్ దగ్గర పగిలిన శబ్దాన్ని తర్వాత క్యాప్చర్ తగ్గించి బాగుచేయలేం, నీళ్లు ట్యాంకు దగ్గరే మురికైతే కొళాయి దగ్గర ఏమీ చేయలేనట్టు. అమ్మ పాటలకు జరిగింది ఇదే.

నేను కావాలని రెండూ పెంచలేదు. పల్స్‌ఆడియో, పైప్‌వైర్ రెండూ బూస్ట్‌ను, క్యాప్చర్‌ను కలిపి ఒకే ఇన్‌పుట్ స్లైడర్‌గా చూపిస్తాయి. మీరు సెట్టింగ్స్‌లో మైకు స్లైడర్ 100కి జరిపితే లోపల బూస్ట్ కూడా పైకి ఎక్కిపోతుంది. స్పష్టంగా వినపడాలని నూటికి నూరు పెట్టుకుంటాం, అదే దెబ్బతీస్తుంది. అందుకే రికార్డింగ్‌కు ముందు ఆల్సామిక్సర్‌లో బూస్ట్ ఎంతుందో కళ్లతో చూడండి.

ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రామ్ తెరిచి, మైకుకు జానెడు దూరంలో కూర్చుని, పాటలో అన్నిటికన్నా గట్టిగా వచ్చే చరణం పాడించండి. బూస్ట్ 0, క్యాప్చర్ 0 డీబీ దగ్గర మొదలుపెట్టండి. మీటర్ శిఖరాలు మైనస్ 12 నుంచి మైనస్ 6 మధ్య ఆడాలి. మరీ తక్కువగా ఉంటే బూస్ట్ ఒక్క మెట్టు ఎక్కించండి, ఎక్కువైతే క్యాప్చర్ తగ్గించండి. 0 తాకనివ్వకండి. కొంచెం తక్కువగా రికార్డయిన పాటను తర్వాత పెంచుకోవచ్చు, పగిలిన పాటకు మందు లేదు.

ఇంకో దొంగ ఉంది. బ్రౌజర్‌లో జరిగే మీటింగ్‌లు ఆటోమేటిక్ గెయిన్ పేరుతో మీ మైకు స్థాయిని తామే పైకి కిందికి జరుపుతాయి. మీటింగ్ అయిపోయాక కూడా ఆ స్థాయి అలాగే ఉండిపోవచ్చు. ఉదయం మీటింగ్, సాయంత్రం రికార్డింగ్ ఉన్న రోజుల్లో మళ్లీ చూసుకోండి. పైప్‌వైర్‌లో అయితే ఫలానా ప్రోగ్రామ్ మైకు వాల్యూమ్ ముట్టుకోకూడదని దాని పల్స్ విభాగం సెట్టింగ్ ఫైల్‌లో ఒక నియమం రాసుకోవచ్చు. పైప్‌వైర్‌కు మారడానికి నాకు ఇదొక్కటే చాలినంత కారణం అనిపించింది.

హెడ్‌సెట్, బ్లూటూత్, బయటి యూఎస్‌బీ కార్డు

ఫోన్‌తో వాడే ఒకే పిన్ను హెడ్‌సెట్‌ను డెస్క్‌టాప్ వెనక గులాబీ రంగు రంధ్రంలో పెడితే మైకు పనిచేయదు. పిన్ను మీద నాలుగు భాగాలు ఉంటాయి, ఆ రంధ్రానికి మూడే తెలుసు. మైకును, హెడ్‌ఫోన్‌ను విడదీసే చిన్న వై ఆకారపు తీగ కొనుక్కోవాలి. మిక్సర్‌లో ఎంత వెతికినా దీనికి జవాబు దొరకదు.

బ్లూటూత్ హెడ్‌సెట్‌లో పాట బాగుండి, మీటింగ్ మొదలవగానే బావిలోంచి మాట్లాడినట్టు అయిపోతోందా? మైకు ఆన్ కాగానే అది పాటల ప్రొఫైల్ నుంచి ఫోన్ కాల్ ప్రొఫైల్‌కు మారుతుంది. అక్కడ శాంపిల్ రేటు 8,000 లేదా 16,000, అదీ మోనో. వినడానికి బ్లూటూత్ ఉంచుకుని, మైకుగా ల్యాప్‌టాప్ లోపలిదాన్ని ఎంచుకోండి. పావూకంట్రోల్‌లో కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో ఏ2డీపీ అనే పాటల ప్రొఫైల్, ఇన్‌పుట్ డివైసెస్‌లో లోపలి మైకు. ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే టీచర్లకు ఈ ఒక్క మార్పుతో గొంతు ఎంతో తేటగా వెళ్తుంది.

రికార్డింగ్ తరచుగా చేసేవాళ్లు మాత్రం లోపలి కార్డుతో కుస్తీ పట్టడం మానేసి బయటి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకు తగిలించుకునే విడి సౌండ్ కార్డు పెట్టె, కొనండి. యూఎస్‌బీ క్లాస్ కంప్లయంట్ అని ఉందో లేదో చూసి కొంటే డ్రైవర్ వేయాల్సిన పని లేదు, కెర్నెల్‌లో ఉన్న యూఎస్‌బీ ఆడియో డ్రైవరే నడుపుతుంది. గెయిన్ బిరడా చేతికి అందేలా పెట్టె మీదే ఉంటుంది, ఏ మీటింగ్ సాఫ్ట్‌వేరూ దాన్ని తిప్పలేదు. చాలా పెట్టెల మీద డైరెక్ట్ మానిటర్ స్విచ్ కూడా ఉంటుంది. పాడేవాళ్ల గొంతు కంప్యూటర్ దాకా పోకుండా నేరుగా వాళ్ల హెడ్‌ఫోన్స్‌కు వస్తుంది కాబట్టి, ఒక్క గొంతు రికార్డు చేసేవాళ్లకు పైన చెప్పిన 256, 128 లెక్కలతో పనే ఉండదు. నాలుగు, ఎనిమిది ఛానెళ్లున్న పెట్టె అయితే ప్రొఫైల్‌ను ప్రో ఆడియోగా మార్చండి, ఛానెళ్లన్నీ విడివిడిగా కనపడతాయి. ఒకటి గుర్తుంచుకోండి. ఆ ప్రొఫైల్‌లో సర్వర్ కార్డు మిక్సర్‌ను ముట్టుకోదు, కాబట్టి కార్డు స్థాయిలను మీరే ఆల్సామిక్సర్‌లో చూసుకోవాలి.

కొన్ని యూఎస్‌బీ డీఏసీలలో ఆగి మొదలైన ప్రతిసారీ మొదటి అక్షరం మింగేసినట్టు అవుతుంది. ఐదు సెకన్లు శబ్దం లేకపోతే పైప్‌వైర్ తరఫున వైర్‌ప్లంబర్ అనే సహాయక ప్రోగ్రామ్ ఆ పరికరాన్ని నిద్రపుచ్చుతుంది. ఆ పరికరానికి సస్పెండ్ టైమవుట్ 0 పెడితే సరిపోతుంది.

ఇప్పుడు నా మెషీన్‌లో ఉన్నది పైప్‌వైర్, ఆల్సామిక్సర్, ఒక చిన్న రెండు ఛానెళ్ల యూఎస్‌బీ పెట్టె. రోజుకో మీటింగ్, వారానికి ఒకటి రెండు రికార్డింగ్‌లు చేసే ఎవరికైనా ఇదే చెబుతాను. పెట్టె కొనే వీలు లేకపోతే పైప్‌వైర్, బూస్ట్ 10 డీబీ దాటకుండా లోపలి కార్డు. వినడమే తప్ప రికార్డింగ్ లేనివాళ్లు డిస్ట్రో ఇచ్చింది ఇచ్చినట్టు ఉంచుకోండి.

ఈ సంక్రాంతికి మళ్లీ ఊరెళ్తాను. ఈసారి పక్కింటి పెద్దమ్మ కూడా పాడతానంది, వాళ్ల పుట్టింటి వైపు పాటలు మా అమ్మకు తెలియనివి ఆమెకు చాలా వచ్చు. గదిలో ఫ్యాన్ ఆపేస్తాను. ఆ ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేదు, రెండు పిన్నుల ఛార్జర్ పెడితే సన్నని గుయ్‌మనే శబ్దం రికార్డింగ్‌లో పడుతుంది, కాబట్టి బ్యాటరీ నింపుకుని ఛార్జర్ తీసేస్తాను. మొదటి పాటలో పావు నిమిషం రికార్డు చేసి, అక్కడే హెడ్‌ఫోన్స్‌లో విని, మీటర్ చూసి, అప్పుడు మిగతావి పాడమని అడుగుతాను.